లోజ్బాన్‌లో ‘ప్రతి’, ‘ఏదో ఒక’ నేర్చుకున్న నా అనుభవం

ఇంగ్లిష్‌లో ‘ఎవ్రీ స్టూడెంట్ రెడ్ ఎ బుక్’ అన్న వాక్యాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. ప్రతి విద్యార్థీ ఏదో ఒక పుస్తకం చదివాడు, ఎవరి పుస్తకం వారిది. లేదా ఫలానా పుస్తకం ఒకటుంది, దాన్నే అందరూ చదివారు. వాక్యంలో ఒక్క అక్షరం మారదు. వినేవాళ్లు సందర్భాన్ని బట్టి ఒక అర్థం తీసుకుంటారు, ఎంచుకుంటున్నామన్న సంగతి కూడా చాలాసార్లు వాళ్లకి తెలియదు. తర్కంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు సూత్రాలు. ‘ప్రతి’ ముందు వస్తే ఒకటి, ‘ఏదో ఒక’ ముందు వస్తే ఇంకొకటి. ఏ మాట ఇంకో మాట లోపల కూర్చుంటుంది, ఏది దేని మీద ఆధారపడుతుంది అన్నదాన్నే పరిధి అంటారు. ‘ప్రతి’, ‘ఏదో ఒక’, ‘ముగ్గురు’ లాంటి మాటలు క్వాంటిఫయర్లు.

ఈ తేడాని కేవలం మాటల వరుసతో చెప్పేసే భాష ఒకటుందని తెలిశాక దాన్ని నేర్చుకోకుండా ఉండలేకపోయాను. అదే లోజ్బాన్. కావాలని తయారుచేసుకున్న భాష ఇది. జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో మొదలుపెట్టిన లోగ్లాన్ దీనికి మూలం. మనం మాట్లాడే భాష మన ఆలోచనని మలుస్తుందా అన్న ప్రశ్నని పరీక్షించడానికి, తర్కం మీద కట్టిన భాష ఒకటి కావాలనుకున్నాడాయన. 1960లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాన్ని పరిచయం చేశాడు. తర్వాత హక్కుల దగ్గర తగాదా వచ్చి, 1987లో లాజికల్ లాంగ్వేజ్ గ్రూప్ విడిగా ఏర్పడింది. వాళ్లు మొత్తం మాటలన్నీ కొత్తగా కట్టుకుని లోజ్బాన్‌ని తయారుచేశారు. జాన్ కోవన్ రాసిన పూర్తి వ్యాకరణం 1997లో అచ్చయింది. అందులో పదహారో అధ్యాయం తర్కానికి సంబంధించినది. నా సమయం ఎక్కువగా గడిచింది ఆ అధ్యాయంతోనే.

పరిధి సంగతి అర్థం కావాలంటే లోజ్బాన్ వ్యాకరణం ఎక్కువ తెలియనక్కర్లేదు. ప్రతి క్రియకీ కొన్ని స్థానాలుంటాయి. ‘చిదు’ అంటే చదవడం. మొదటి స్థానంలో చదివేవాళ్లు, రెండో స్థానంలో చదివేది. ‘రో’ అంటే ప్రతి, ‘సుహో’ అంటే కనీసం ఒకటి. ‘తద్ని’ విద్యార్థి, ‘షుక్త’ పుస్తకం. మధ్యలో వచ్చే ‘షు’ ఇక క్రియ మొదలవుతోందని చెప్పే గుర్తు. ఇవి తెలిస్తే చాలు, ‘రో తద్ని షు చిదు సుహో షుక్త’ అన్న వాక్యం చదవగలం. ప్రతి విద్యార్థీ కనీసం ఒక పుస్తకం చదువుతాడు. ‘రో’ ముందుంది కాబట్టి అది బయట, ‘సుహో’ లోపల. విద్యార్థి మారితే పుస్తకం మారవచ్చు. ఒకే పుస్తకమైనా ఈ వాక్యం నిజమే, కాకపోతే అలా అని వాక్యం చెప్పదు.

రెండో అర్థం కావాలంటే పుస్తకాన్ని ముందుకి తేవాలి. దానికి ‘సె’ అన్న చిన్న మాట ఉంది. క్రియ ముందు పెడితే మొదటి రెండు స్థానాలూ తారుమారవుతాయి. ‘సుహో షుక్త షు సె చిదు రో తద్ని’. కనీసం ఒక పుస్తకం ఉంది, దాన్ని ప్రతి విద్యార్థీ చదువుతాడు. ఇంగ్లిష్‌లో కర్మణి వాక్యం చేసినా సందేహం పూర్తిగా పోదు. ‘ఎ బుక్ వాజ్ రెడ్ బై ఎవ్రీ స్టూడెంట్’ అన్నప్పుడు ఒకే పుస్తకం అన్న వైపు మొగ్గు పెరుగుతుంది, అంతే. లోజ్బాన్‌లో మొగ్గు అనేది లేదు. ఎడమవైపు ఏది ఉంటే అదే బయట.

నియమం ఇంతే. ఒక పూటలో అర్థమైపోతుంది. అది అలవాటు కావడం మాత్రం వేరే సంగతి.

నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. కాగితం మీద ఎడమవైపు చుక్కలు, అవి మనుషులు. కుడివైపు చుక్కలు, అవి పుస్తకాలు. చదవడం అంటే చుక్క నుంచి చుక్కకి బాణం. ఒక వాక్యం రాసుకుని, అది నిజమయ్యే బొమ్మలు ఎన్ని రకాలుగా గీయవచ్చో గీసేవాణ్ని. ఆ తర్వాత వరుస మార్చి మళ్లీ గీసేవాణ్ని. ఏ బొమ్మలు మిగిలాయి, ఏవి కొట్టుకుపోయాయి అని చూస్తే రెండు వాక్యాల మధ్య తేడా కళ్లకి కనబడేది. అనువాదం చదువుకుంటే ఇది కుదరదు. అనువాదం మళ్లీ ఇంకో సందిగ్ధ వాక్యంలోకి తీసుకెళుతుంది, బొమ్మ తీసుకెళ్లదు.

అంకెల దగ్గరికి వచ్చేసరికి ఈ బొమ్మలు లేకుండా నేను ముందుకి వెళ్లేవాణ్నే కాదు. ‘షి’ అంటే మూడు, ‘రె’ అంటే రెండు. లోజ్బాన్‌లో ఉత్త అంకె అంటే సరిగ్గా అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. ‘షి తద్ని షు చిదు రె షుక్త’. సరిగ్గా ముగ్గురు విద్యార్థులు ఉన్నారు, వాళ్లలో ఒక్కొక్కరూ సరిగ్గా రెండేసి పుస్తకాలు చదువుతారు. బొమ్మలో ఆరు బాణాలు. పుస్తకాలు ఎన్ని? ముగ్గురూ అవే రెండు చదివితే రెండు, ఎవరివి వారివైతే ఆరు, మధ్యలో ఎన్నైనా కావచ్చు. ఇప్పుడు తిప్పండి. ‘రె షుక్త షు సె చిదు షి తద్ని’. సరిగ్గా రెండు పుస్తకాలు, ఒక్కోదాన్ని సరిగ్గా ముగ్గురు చదువుతారు. ఇక్కడా ఆరు బాణాలే. కానీ ఇప్పుడు పుస్తకాలు రెండే, విద్యార్థులు ముగ్గురు నుంచి ఆరుగురి దాకా ఉండవచ్చు. బాణాల లెక్క ఒకటే అయినా అవి ఎటు నుంచి చెదిరిపోగలవో మారిపోయింది. ముగ్గురూ అవే రెండు పుస్తకాలు చదివి, ఇంకెవరూ ఏమీ చదవని బొమ్మ ఒక్కటి రెండు వాక్యాలకీ సరిపోతుంది.

దీనిలో ఇంకో సూక్ష్మం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మొదటి వాక్యం నిజంగా ఉన్న బొమ్మలోకి నాలుగో విద్యార్థిని తెచ్చి, ఆమె చేత అయిదు పుస్తకాలు చదివించండి. వాక్యం చెడిపోదు. ఎందుకంటే ‘సరిగ్గా ముగ్గురు’ అన్న లెక్క చదివినవాళ్ల లెక్క కాదు, సరిగ్గా రెండు పుస్తకాలు చదివినవాళ్ల లెక్క. అయిదు చదివిన అమ్మాయి ఆ లెక్కలోకి రాదు. అదే అమ్మాయిని రెండో వాక్యం బొమ్మలో పెట్టి, ఆ రెండు పుస్తకాల్లో ఒకటి చదివిస్తే వాక్యం కూలిపోతుంది, ఆ పుస్తకాన్ని ఇప్పుడు నలుగురు చదివినట్టు. ఒక అంకె ఇంకో అంకె పరిధిలో ఉండటం అంటే ఏమిటో నాకు నిజంగా పట్టుబడింది ఈ ఉదాహరణతోనే.

ఇంగ్లిష్‌లో ‘త్రీ స్టూడెంట్స్ రెడ్ టూ బుక్స్’ అంటే ఇవన్నీ కావచ్చు, వీటికి తోడు ఇంకో అర్థం కూడా. ముగ్గురు కలిసి మొత్తం రెండు పుస్తకాలు చదివారు, ఇద్దరు ఒకటి, మిగిలినవాళ్లు ఇంకొకటి. అప్పుడు మూడు బాణాలు చాలు. మామూలు మాటల్లో మనం ఎక్కువగా వాడేది ఈ అర్థమే.

లోజ్బాన్‌లో రెండు క్వాంటిఫయర్లని పక్కపక్కన, ఒకదాని కింద ఇంకొకటి కాకుండా పెట్టే వీలు కూడా ఉంది. వాటి మధ్య ‘షెహె’ వేసి క్రియకి ముందు కలిపి చెప్పాలి: ‘షి తద్ని షెహె రె షుక్త షు చిదు’. ముగ్గురు విద్యార్థులు, రెండు పుస్తకాలు, ప్రతివాళ్లూ ప్రతిదీ. ఎడమ, కుడి అన్న తేడా ఇక్కడ పనిచేయదు. కాగితం మీద సూత్రం ఒకే గీతలో రాస్తాం కాబట్టి ఏదో ఒకటి ముందు రాక తప్పదు కదా, మరి ఒకదాని మీద ఒకటి ఆధారపడని క్వాంటిఫయర్లని ఎలా రాయాలి అన్న ప్రశ్న తర్కంలోనూ ఉంది. 1961లో అచ్చయిన వ్యాసంలో తర్కవేత్త లియోన్ హెన్కిన్ దానికి కొమ్మలుగా చీలే సూత్రాలు ప్రతిపాదించాడు. మాట్లాడే భాషకి ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ, నోటికి ఉన్నది ఒక్క గీతే. అందుకే ‘షెహె’ లాంటి మాట ఒకటి కావాల్సి వచ్చింది.

రోజువారీ వాక్యాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి కాలం చెప్పే మాటలు. ఇంగ్లిష్‌లో ‘ఐ రీడ్ ఎ బుక్ ఎవ్రీ డే’. ‘ప్రతిరోజు’ చివర వచ్చింది. ఇదే వరుసని లోజ్బాన్‌లో పెడితే ‘మి చిదు సుహో షుక్త ష రో జెది’ అవుతుంది. ‘మి’ నేను, ‘ష రో జెది’ ప్రతిరోజూ. వ్యాకరణం తప్పు లేదు. అర్థం మాత్రం, కనీసం ఒక పుస్తకం ఉంది, దాన్నే నేను ప్రతిరోజూ చదువుతాను అని. పారాయణం చేసేవాళ్లకి ఇది సరిపోతుంది, రోజుకో పుస్తకం తీసేవాళ్లకి సరిపోదు. రోజులు ముందుకి రావాలి: ‘ష రో జెది మి చిదు సుహో షుక్త’. తెలుగులో మనం ‘రోజూ ఒక పుస్తకం చదువుతాను’ అని కాలాన్ని సహజంగానే ముందు పెడతాం, క్రియని చివర పెడతాం. లోజ్బాన్ క్రియని చివర పెట్టడానికీ ఒప్పుకుంటుంది. ‘రో తద్ని సుహో షుక్త షు చిదు’ అన్నా సరైన వాక్యమే. అందుకని నేను లోజ్బాన్ వాక్యాలని ఇంగ్లిష్ నుంచి కాకుండా తెలుగు నుంచి కట్టుకోవడం మొదలుపెట్టాను. కాలం, చోటు, కర్త, కర్మ, క్రియ అన్న మన వరుసలో చాలా వాక్యాలు మొదటిసారే సరైన పరిధితో వచ్చాయి.

అన్ని వాక్యాలూ అలా రావు. ‘ఎ లాక్ హ్యాంగ్స్ ఆన్ ఎవ్రీ డోర్’ అంటే ఇంగ్లిష్ తెలిసినవాళ్లెవరూ ఒకే తాళం తలుపులన్నిటికీ వేలాడుతోందని అనుకోరు. లోకజ్ఞానం మాటల వరుసని తోసేసి, తలుపుకో తాళం అని చెబుతుంది. తర్కవేత్త రిచర్డ్ మాంటేగ్ 1973లో, భాషాశాస్త్రవేత్త రాబర్ట్ మే 1977లో ఇంగ్లిష్ క్వాంటిఫయర్ల మీద చేసిన పని ఇలాంటి వాక్యాలని కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. పైకి వినబడే వరుస ఒకటి, లోపల అర్థానికి కావాల్సిన వరుస ఇంకొకటి. మే చెప్పిన ప్రకారం క్వాంటిఫయర్ కంటికి కనబడకుండా పైకి లేచి వాక్యం ముందుకి వెళుతుంది. లోజ్బాన్‌లో కనబడకుండా లేచేది ఏదీ లేదు. ‘స్తెల’ తాళం, ‘దందు’ వేలాడటం, ‘వొర్మె’ తలుపు. ‘సుహో స్తెల షు దందు రో వొర్మె’ అంటే తలుపులన్నిటికీ వేలాడే తాళం కనీసం ఒకటి ఉన్నట్టే. అలాంటిది ఉండదని వినేవాళ్లకి తెలిసినా వాక్యం అర్థం మారదు, అది అబద్ధపు వాక్యం అవుతుంది, అంతే. ‘రో వొర్మె షు సె దందు సుహో స్తెల’ అని తలుపులతో మొదలుపెట్టాలి.

ఇక్కడే నాకు లోజ్బాన్ మీద నిజమైన ఫిర్యాదు ఒకటి ఏర్పడింది. మాటల వరుసతో మనం చేసే పని పరిధి ఒక్కటే కాదు. దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని ముందు పెడతాం. కొత్త విషయాన్ని తర్వాత చెబుతాం. తెలుగులో ‘ఆ పుస్తకం నేను చదివాను’, ‘నేను చదివాను ఆ పుస్తకం’ అని ఎటైనా తిప్పుతాం, నిజానిజాలు మారవు, నొక్కు మారుతుంది. లోజ్బాన్‌లో కూడా నేను, నువ్వు, పేర్లు, ‘నా మనసులో ఉన్న ఈ పుస్తకం’ లాంటివి ఉన్నంతవరకు వరుస మన ఇష్టం. కానీ వాక్యంలోకి రెండు క్వాంటిఫయర్లు వచ్చాయా, వరుస పరిధికి అంకితమైపోతుంది. నొక్కు కోసం ఏదన్నా ముందుకి తెస్తే అర్థమే మారిపోతుంది. ఒకే వరుస రెండు పనులకి కావాల్సి వచ్చినప్పుడు లోజ్బాన్ పరిధి వైపే నిలబడుతుంది.

దీనికి భాషలోనే విడుపు ఉంది. క్వాంటిఫయర్లన్నిటినీ వాక్యానికి ముందే, కావాల్సిన వరుసలో చెప్పేసి, ‘జోహు’ అని గీత గీసినట్టు ఆపి, ఆ తర్వాత వాక్యం చెప్పడం. ‘రో ద పోయ్ తద్ని కుహో సుహో దె పోయ్ షుక్త జోహు ద చిదు దె’. విద్యార్థి అయిన ప్రతి ‘ద’కీ, పుస్తకం అయిన కనీసం ఒక ‘దె’ ఉంది, ‘ద’ ‘దె’ని చదువుతుంది. తర్కపు సూత్రాన్ని నోటితో చదివినట్టే ఉంటుంది. పరిధి ‘జోహు’కి ముందే తేలిపోయింది కాబట్టి, ఆ తర్వాత ‘దె సె చిదు ద’ అని తిప్పినా అర్థం చెక్కుచెదరదు. వరుసకి దాని స్వేచ్ఛ తిరిగి వస్తుంది. మధ్యలో ఆ ‘కుహో’ని వదిలేయకూడదు. ‘తద్ని’ అన్న మాటకి చదువుకునేది ఏమిటి అని రెండో స్థానం ఒకటుంది. ‘కుహో’తో మూసేయకపోతే వెనకాల వచ్చే ‘సుహో దె’ వెళ్లి అందులో కూర్చుంటుంది, విద్యార్థి కాస్తా ‘ఏదో ఒక పుస్తకాన్ని అధ్యయనం చేసేవాడు’ అవుతాడు.

కంప్యూటర్‌లో లోజ్బాన్ వాక్యాలని విడదీసి చూపించే పార్సర్లు ఉన్నాయి. ప్రతి వాక్యానికీ ఒకే ఒక్క వ్యాకరణ నిర్మాణం ఉండటం ఈ భాష గొప్ప. కానీ పార్సర్ చెప్పేది నిర్మాణం వరకే. ‘ప్రతిరోజూ’ చివర పెట్టిన వాక్యాన్ని కూడా అది హాయిగా ఒప్పుకుంటుంది. పరిధి మనమే ఎడమ నుంచి చదువుకుంటూ పోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పార్సర్ పచ్చజెండా చూపించింది కదా అని ఆగిపోకుండా చుక్కలూ బాణాలూ గీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

‘లేదు’, ‘కాదు’ల దగ్గర విషయం ఇంకా చిక్కబడుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఆల్ ద స్టూడెంట్స్ డిడ్నాట్ కమ్’ అంటే ఎవరూ రాలేదనా, అందరూ రాలేదు, కొందరే వచ్చారనా? ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు దీన్ని గొంతుతో విడదీస్తారు. భాషాశాస్త్రవేత్త రే జాకెండాఫ్ 1972లో దీని గురించి రాశాడు. చివర్లో గొంతు పడి లేస్తే ‘కొందరే’ అన్న అర్థం వైపు వెళుతుంది. లోజ్బాన్‌లో గొంతు ఎత్తడం దించడం వ్యాకరణంలో భాగం కాదు, ప్రశ్నకి కూడా విడిగా మాట ఉంటుంది. కాబట్టి ఇక్కడా వరుసే. ‘నకు’ అన్న నిషేధాన్ని వాక్యంలో ఎక్కడైనా పెట్టవచ్చు, దాని కుడివైపు ఉన్నదంతా దాని పరిధి. ‘క్లమ’ అంటే రావడం. ‘నకు రో తద్ని షు క్లమ’ అంటే విద్యార్థులందరూ వచ్చారన్నది నిజం కాదు. ‘రో తద్ని కు నకు క్లమ’ అంటే ఒక్కొక్కరినీ తీసుకుంటే, వాళ్లు రాలేదు, అంటే ఎవరూ రాలేదు. ‘నకు’ని ఒక క్వాంటిఫయర్ మీదుగా దాటించవచ్చు, అప్పుడు ‘రో’ ‘సుహో’ అవుతుంది, ‘సుహో’ ‘రో’ అవుతుంది. ‘నకు రో తద్ని షు క్లమ’ అన్నా, ‘సుహో తద్ని కు నకు క్లమ’ అన్నా ఒకటే, రానివాళ్లు కనీసం ఒకరున్నారు. తర్కంలో డి మోర్గాన్ పేరుతో చదువుకున్నదే ఇది. సూత్రంగా ఎప్పుడో తెలిసినదాన్ని నోటితో, మాట వెంట మాటగా చేయడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

వరుస నియమానికి ఒక పెద్ద మినహాయింపు కూడా ఇక్కడే ఉంది. క్రియ ముందు వచ్చే ఉత్త ‘న’ వ్యాకరణం ప్రకారం ఎక్కడ ఉన్నా వాక్యమంతటికీ ముందు ఉన్నట్టే. ‘రో తద్ని న క్లమ’లో ‘రో’ ఎడమవైపు కనిపిస్తున్నా, అర్థం ‘అందరూ వచ్చారన్నది నిజం కాదు’ అనే. ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చిన కంటికి ఇది అడ్డం తగులుతుంది. ఈ నియమం భాషకి మంచి చేసిందని నేను అనుకోను. అంత శుభ్రమైన ఏర్పాటులో ఒక్క మాట వెనక్కి ఎగిరి ముందుకి వెళ్లడం నాకు నచ్చలేదు. నేను రాసేటప్పుడు, క్వాంటిఫయర్లున్న వాక్యంలో ‘న’ వాడను, ‘నకు’నే కావాల్సిన చోట పెడతాను. అప్పుడు చదివేవాళ్లకి టెన్షన్ ఉండదు.

మనుషులు పుట్టి పెరిగిన భాషల్లో ఇలా వరుసే పరిధి అయ్యేవి ఉన్నాయా అని చూశాను. మాండరిన్ చైనీస్ దీనికి బాగా దగ్గరగా వస్తుంది. భాషాశాస్త్రవేత్త జేమ్స్ హువాంగ్ 1982లో తన సిద్ధాంత వ్యాసంలో, చైనీస్‌లో క్వాంటిఫయర్ల పరిధి పైకి కనిపించే క్రమాన్నే అనుసరిస్తుందని, ఇంగ్లిష్ అంత వెసులుబాటు అక్కడ లేదని చూపించాడు. మన పక్కనున్న కన్నడం మీద జరిగిన పని ఇంకా ఆసక్తికరం. ఇంగ్లిష్‌లో ‘కాదు’ కర్మకి ముందు వస్తుంది. కన్నడంలో, తెలుగులో లాగే, అది క్రియతో కలిసి చివర వస్తుంది. మరి ‘రెండు’ లాంటి మాట వినబడే వరుసలో నిషేధానికి ముందుంటుంది, వాక్య నిర్మాణంలో మాత్రం దాని కిందే ఉంటుంది. పిల్లలు వేటిని అనుసరిస్తారు, చెవికి వినబడే వరుసనా, నిర్మాణాన్నా? జెఫ్రీ లిడ్జ్, జూలియన్ ముసొలినో 2002లో నాలుగేళ్ల కన్నడ పిల్లల్ని, ఇంగ్లిష్ పిల్లల్ని పరీక్షించి, ఇద్దరూ నిర్మాణాన్నే అనుసరిస్తున్నారని చూపించారు. లోజ్బాన్‌కి, మన భాషలకి తేడా ఇక్కడ స్పష్టంగా కనబడింది నాకు. లోజ్బాన్ నియమం ముందు ఏది వినబడింది అన్నదాని మీద నిలబడింది. పిల్లల బుర్ర ఏది దేని లోపల ఉంది అని చూస్తుంది.

తెలుగుకి ఇంకో దారి ఉంది. మనం పరిధిని చాలావరకు మాట మీదే గుర్తు పెట్టేస్తాం. ‘పిల్లలు రెండేసి కథలు చదివారు’ అంటే పిల్లలకి రెండు చొప్పున, ఇక వరుస ఎలా మార్చినా అదే. ‘ఒకే కథ’ అంటే అందరికీ ఒకటే. ‘రెండు రెండు కథలు’ అని అంకెని రెండుసార్లు అంటే పంపకం ఉందని తెలుస్తుంది, కాకపోతే మనిషికి రెండా, పూటకి రెండా అన్నది తెరిచి ఉంటుంది. తెలుగులోని ఈ జంట అంకెల మీద రాహుల్ బాలుసు 2006లో వ్యాసం రాశారు. లోజ్బాన్ నేర్చుకోకముందు నేను ఈ మాటలని రోజూ అంటూనే ఉన్నాను, అవి ఎంత పని చేస్తున్నాయో మాత్రం చూడలేదు.

పరిధి వాక్యం దాటి ఇంకో వాక్యం లోపలికి వెళ్లినప్పుడు మరో రకం కష్టం వస్తుంది. ‘ఐ వాంట్ టు రీడ్ ఎ బుక్’. ఏదో ఒకటి దొరికితే చాలా, లేక మనసులో ఒక పుస్తకం ఉందా? ‘జిష’ అంటే కోరడం, ‘లొ ను’ తర్వాత వచ్చేది కోరుకునే పని. లోజ్బాన్‌లో ‘మి జిష లొ ను మి చిదు సుహో షుక్త’ అంటే క్వాంటిఫయర్ కోరిక లోపలి వాక్యంలో ఉంది, అది బయటికి రాదు. ఏ పుస్తకమైనా సరే. ‘సుహో ద పోయ్ షుక్త జోహు మి జిష లొ ను మి చిదు ద’ అంటే పుస్తకం బయట ఉంది, ముందు అది ఉండాలి, ఆ తర్వాత దాన్ని చదవాలన్న కోరిక. ‘వెతకడం’ అన్న క్రియ దగ్గర ఈ ఆలోచన ఎంత లోతుకి వెళ్లిందో చూస్తే ముచ్చటేస్తుంది. ‘సిస్కు’ రెండో స్థానంలో వస్తువు ఉండదు, లక్షణం ఉంటుంది. ‘మి సిస్కు లొ క షుక్త’ అంటే పుస్తకం అనే లక్షణం ఉన్నదాని కోసం వెతుకుతున్నాను. వస్తువునే అక్కడ పెడితే, అది ఎక్కడో ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. లేనిదాని కోసం కూడా మనం వెతుకుతాం కదా.

లెక్కల్లో ఈ వరుస ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అనంత శ్రేణిలోని పదాలన్నీ అవిచ్ఛిన్న ప్రమేయాలైతే, శ్రేణి ప్రతి బిందువు దగ్గరా అభిసరిస్తే, మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని, అంటే గీత ఎక్కడా తెగదని, గణితవేత్త కోషీ 1821లో రాశాడు. 1826లో ఇంకో గణితవేత్త ఆబెల్ ఒక సైన్ శ్రేణిని చూపించి దీనికి మినహాయింపులున్నాయన్నాడు. తర్వాత తేలింది ఏమిటంటే, ‘ప్రతి బిందువుకీ ఎన్నో పదం తర్వాత చాలు అన్న సంఖ్య ఒకటి ఉంది’ అనడం వేరు, ‘ఒక సంఖ్య ఉంది, అది ప్రతి బిందువుకీ చాలు’ అనడం వేరు. రెండోది ఏకరూప అభిసరణ. ఆ రెండోది ఉంటే కోషీ సిద్ధాంతం నిలబడుతుంది. విద్యార్థులూ పుస్తకాల వాక్యంలో ఉన్న తేడానే ఇది. ఈ రెండు నిర్వచనాలనీ లోజ్బాన్‌లో రాసి చూశాను. ‘జోహు’ తర్వాత ఉన్న భాగం రెండింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ముందు చెప్పిన వరుసలో రెండు ముక్కలు తారుమారయ్యాయి. ఇంతకుముందు ఈ రెండు నిర్వచనాలూ చదివినప్పుడల్లా ఆగి ఆలోచించాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు.

ఇప్పుడు రాసేటప్పుడు నేను చేసేది ఇది. క్వాంటిఫయర్ ఒక్కటే ఉంటే వరుస గురించి పట్టించుకోను. రెండుంటే ఏది దేని మీద ఆధారపడుతోందో చూసుకుని ‘సె’తో సర్దుతాను. మూడుంటే, లేదా మధ్యలో ‘నకు’ ఉంటే, నేరుగా ‘జోహు’కి వెళ్లిపోతాను. కొంచెం పొడవైనా ఫరవాలేదు.

ఇంకా ఒక రకం వాక్యాలు మిగిలిపోతాయి. ముగ్గురు విద్యార్థులు, రెండు పుస్తకాలు, ఎవరు ఏది చదివారో నాకు తెలియదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. వీటికి పాత వ్యాకరణంలో అంత హాయిగా చోటు దొరికేది కాదు. ‘తద్ని’, ‘షుక్త’ లాంటి మాటల ముందు వచ్చే ‘లొ’కి 1997 వ్యాకరణ పుస్తకం ప్రకారం దాగి ఉన్న క్వాంటిఫయర్లు ఉండేవి, అందుకని అది కూడా పరిధి లెక్కలోకి వచ్చేది. తర్వాత జరిగిన సవరణలో వాటిని తీసేశారు. దాంతో ‘లొ షి తద్ని షు చిదు లొ రె షుక్త’ అంటే, విద్యార్థులు ముగ్గురు, పుస్తకాలు రెండు, చదవడం జరిగింది, అంతే. బాణాలు మూడో, నాలుగో, ఆరో వాక్యం చెప్పదు. ‘లొ’ బయట అంకె వేస్తే పంపకం మొదలవుతుంది, లోపల వేస్తే ఎంతమందో మాత్రం తెలుస్తుంది. మామూలు కబుర్లలో నేను ఎక్కువగా దీన్నే వాడుతున్నాను. ‘రో’, ‘సుహో’, ఉత్త అంకెలు మాత్రం పంపకం గురించి నిజంగా ఏదన్నా చెప్పాల్సి వచ్చినప్పుడే తీస్తున్నాను.